బుక్ లెర్నింగ్ ఇచ్చే ఎలోలో అసలెంత, నకలెంత: ప్రాజెక్టు డైరీ

రెండు చెస్ ఇంజిన్లకి (చెస్ ఆడే ప్రోగ్రాములకి) మ్యాచ్ పెట్టాం అనుకోండి. ఒకటి ప్రతి గేమ్ అయ్యాక తన ఓపెనింగ్ బుక్‌ని (గేమ్ మొదట్లో వేయాల్సిన ఎత్తుల జాబితాని) దిద్దుకుంటుంది, గెలిచిన లైన్‌కి (ఎత్తుల వరసకి) మార్కులు పెంచి ఓడిన లైన్‌కి తగ్గించుకుంటుంది. ఇదే బుక్ లెర్నింగ్. రెండోదానికి ఆ సౌకర్యం లేదు. చివరికి మొదటిది 80 ఎలో (చెస్ రేటింగ్ పాయింట్లు) పైన తేలితే ఆ 80 దేనికొచ్చినట్టు, ఇంజిన్ బలానికా, జ్ఞాపకానికా? స్వీడన్ కంప్యూటర్ చెస్ సంఘం ఎస్‌ఎస్‌డీఎఫ్ వేసే రేటింగ్ లిస్టు కోసం అందరూ ఎదురుచూసిన 1990ల నుంచీ ఈ గొడవ ఉంది. ఫలానా ప్రత్యర్థి ప్రోగ్రాముని ఓడించడానికే వండిన బుక్‌లకి ‘కిల్లర్ బుక్’ అన్న పేరు కూడా ఉంది. వాదించేవాళ్లకి కొదవ లేదు కాబట్టి ఇక్కడ కొలతలే రాస్తున్నా. ఎవరైనా ఇదే పని మళ్లీ చేసి చూసుకోవచ్చు, పెద్ద మెషీనేమీ అక్కర్లేదు.

దశ 0: అమరిక

కిటుకు ఒక్కటే, రెండు వైపులా ఒకే ఇంజిన్ పెట్టడం. స్టాక్‌ఫిష్ 16, అదే ఫైలు, అవే సెట్టింగులు. అప్పుడు బలంలో తేడా సున్నా అని ముందే తెలుసు, కాబట్టి లెర్నింగ్ పెట్టాక ఏ ఎలో కనిపించినా అది లెర్నింగ్ ఖాతాలోదే. వేర్వేరు ఇంజిన్లు పెడితే బలం వల్ల ఎంత, బుక్ వల్ల ఎంత అని విడదీయడానికే సగం గేములు ఖర్చయిపోతాయి.

లెర్నింగ్ ఉన్నదాన్ని ‘ఎ’ అని, లేనిదాన్ని ‘బి’ అని పిలుస్తాను.

1. థ్రెడ్లు 1, హాష్ (ఇంజిన్ తన లెక్కల్ని దాచుకునే మెమరీ) 16 ఎంబీ. పాండర్ (ప్రత్యర్థి వంతులో ఆలోచించడం) లేదు, ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్‌లు (కొద్ది పావుల పొజిషన్లకి ముందే తేల్చిన ఫలితాలు) లేవు.
2. టైమ్ కంట్రోల్ లేదు. ఎత్తుకి సరిగ్గా 5,000 నోడ్లు (ఇంజిన్ పరిశీలించే పొజిషన్లు). ఎండాకాలం ల్యాప్‌టాప్ వేడెక్కి స్పీడు పడిపోయినా, పక్కన ఇంకేదో నడుస్తున్నా 5,000 నోడ్లు 5,000 నోడ్లే. పైగా ఒక్క థ్రెడ్ మీద నోడ్లు కట్టేసి, హాష్ ఖాళీగా మొదలుపెడితే ఇంజిన్ అదే పొజిషన్‌లో ఎప్పుడూ అదే ఎత్తు వేస్తుంది. ఇది ముందుముందు చాలా పనికొచ్చింది.
3. మధ్యలో గేమ్ ఆపి ఫలితం ఇచ్చేయడాల్లేవు. మేట్, స్టేల్‌మేట్, మూడుసార్ల రిపిటిషన్, 50 ఎత్తుల రూల్, చాలినన్ని పావులు లేకపోవడం, వీటితోనే ముగియాలి.
4. నడిపేది పైథాన్-చెస్ లైబ్రరీ మీద రాసిన చిన్న స్క్రిప్టు. మ్యాచ్‌లు నడిపే క్యూట్‌చెస్ వాడొచ్చు కదా అంటే, అది మామూలుగా బుక్‌ని మొదట్లోనే ర్యామ్‌లోకి ఎక్కించేసుకుంటుంది, మ్యాచ్ మధ్యలో ఫైలు మార్చినా దానికి తెలీదు. డిస్క్ నుంచి చదివే మోడ్ ఉంది గానీ, గేమ్‌కీ గేమ్‌కీ మధ్య నా కోడ్ దూర్చడానికి స్క్రిప్టే సుఖం.
5. బుక్: ‘ది వీక్ ఇన్ చెస్’ పీజీఎన్ (గేముల రికార్డు) ఫైళ్ల నుంచి పాలీగ్లాట్ టూల్‌తో మేక్-బుక్ కొట్టి చేసింది. మ్యాక్స్-ప్లై 16 (అంటే ఒక్కొక్కరికి 8 ఎత్తులు), మిన్-గేమ్ 5 (కనీసం 5 గేముల్లో వచ్చిన ఎత్తులే).

పాలీగ్లాట్ ఫార్మాట్ గురించి రెండు ముక్కలు, ఎందుకంటే రాబోయే తలనొప్పులన్నీ ఇక్కడే ఉన్నాయి. ఫ్రూట్ ఇంజిన్ రాసిన ఫాబియన్ లెటూజీదే ఇది కూడా. ఒక్కో ఎంట్రీ 16 బైట్లు: పొజిషన్ కీ 8, ఎత్తు 2, వెయిట్ (ఆ ఎత్తుని ఎంచుకునే మొగ్గు) 2, లెర్న్ అనే గడి 4. అంటే లెర్నింగ్‌కి చోటు ఫార్మాట్‌లోనే వదిలిపెట్టారు, చాలా బుక్‌లలో అది సున్నాలతో ఖాళీగా పడుంటుంది. నాది 41,280 ఎంట్రీలు, 6,60,480 బైట్లు. మీ ఫైలు సైజుని 16తో భాగిస్తే శేషం వచ్చిందంటే ఫైలు పాడైనట్టే, ముందు అది చూసుకోండి. మేక్-బుక్ ఇచ్చే వెయిట్ లెక్క కూడా సింపుల్: గెలుపులు రెండింతలు, దానికి డ్రాలు కలపాలి.

దశ 1: లెర్నింగ్ లేకుండా కొలత

మొదట చూడాల్సింది స్కోరు కాదు, ఒకే బుక్ లైన్ రెండుసార్లు పెడితే అచ్చంగా ఒకే గేమ్ వస్తోందా లేదా అని. రాలేదు. పద్దెనిమిదో ఎత్తు దగ్గర ఒకసారి, ముప్ఫై దాటాక ఇంకోసారి గేములు విడిపోయాయి.

కారణం హాష్ టేబుల్. పైథాన్-చెస్‌లో ప్లే అనే ఫంక్షన్‌కి ‘గేమ్’ అనే ఆర్గ్యుమెంట్ ఉంటుంది. దానికి ప్రతి గేమ్‌కీ కొత్త విలువ ఇస్తేనే అది ఇంజిన్‌కి ‘కొత్త గేమ్’ కమాండ్ పంపుతుంది, ఇవ్వకపోతే మొదటి గేమ్‌కి మాత్రమే పంపి ఊరుకుంటుంది. అంటే వెనకటి గేమ్‌లో హాష్‌లో మిగిలిపోయిన విశ్లేషణ ఈ గేమ్‌లోకి కారిపోతోంది. బుక్ లెర్నింగ్ అని మనం ఒక తలుపు దగ్గర కాపలా కాస్తుంటే పక్క తలుపులోంచి ఇంకో రకం లెర్నింగ్ వెళ్లిపోతోందన్నమాట. విలువ మార్చి ఇచ్చాక ఒకే లైన్‌ని పదే పదే పెట్టి చూశా, చివరి ఎత్తు దాకా ఒక్క తేడా లేదు.

ఇక కొలత. రెండు వైపులా అదే బుక్, వెయిట్ ప్రకారం ర్యాండమ్ ఎంపిక, రంగులు మార్చుకుంటూ 400 గేములు.

- ‘ఎ’ గెలుపులు 96, ఓటములు 92, డ్రాలు 212
- స్కోరు 202/400, అంటే 50.5 శాతం, +3 ఎలో, అటూ ఇటూ 23
- ఒకదానికొకటి భిన్నమైన గేములు: 371

ఎలో లెక్క తెలీనివాళ్లకి: మన స్కోరు వాటాని ప్రత్యర్థి స్కోరు వాటాతో భాగించి, దాని లాగరిథమ్‌ని (బేస్ 10) 400తో గుణించండి. ప్లస్-మైనస్ ఎంతన్నది డ్రాలెన్ని ఉన్నాయన్నదాని మీద ఆధారపడుతుంది. నాకు డ్రాలు సగం పైన ఉన్నాయి కాబట్టి 400 గేములకి 95 శాతం నమ్మకంతో 23 దాకా వచ్చింది. +3 అంటే సున్నా కిందే లెక్క, రావాల్సిందీ అదే.

ఆ 371 అన్న అంకె గుర్తుపెట్టుకోండి. లెర్నింగ్ లేకపోయినా 29 గేములు నకళ్లే. భిన్నమైనవి లెక్కపెట్టడానికి గేమ్ ఎత్తులన్నీ ఒక స్ట్రింగ్‌గా కలిపి సెట్‌లో వేస్తే చాలు, రెండు లైన్ల కోడ్.

మొత్తం లెక్క: 400 గేములు.

దశ 2: లెర్నింగ్ కోడ్

రూల్ చాలా మొరటుది: గెలిస్తే ఆ గేమ్‌లో ‘ఎ’ వేసిన బుక్ ఎత్తుల వెయిట్ రెండింతలు, ఓడితే సగం, డ్రా అయితే ముట్టుకోవద్దు. ఇది రాయడానికి అరగంట కూడా పట్టదు, సరిగ్గా నడవడానికి మాత్రం కింద ఉన్నవన్నీ దాటాలి.

1. వెయిట్‌కి ఉన్నది 2 బైట్లే, 65,535 దాటితే రాసేటప్పుడు ప్రోగ్రామ్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. నాలుగైదు గెలుపులకే ఆగిపోయింది. ఏ ఎత్తైనా 60,000 దాటితే ఆ పొజిషన్‌లోని ఎత్తులన్నిటినీ సగం చేసేలా మార్చా.
2. కింద కూడా గోతి ఉంది. వెయిట్ 1 ఉన్న ఎత్తు ఓడితే సగమై సున్నా అవుతుంది. పైథాన్-చెస్ బుక్ చదివేటప్పుడు కనీస వెయిట్ 1 లేని ఎంట్రీలని అసలు చూపించదు. ఒక్క ఓటమితో ఆ ఎత్తు శాశ్వతంగా బుక్‌లోంచి పోయినట్టే, మళ్లీ ఆడి నిరూపించుకునే అవకాశం కూడా లేదు. కనిష్ఠం 1 అని కట్టేశా.
3. క్యాస్లింగ్. పాలీగ్లాట్‌లో దాన్ని రాజు తన ఏనుగునే కొట్టినట్టు రాస్తారు, అంటే ఈ1 నుంచి హెచ్1కి. పైథాన్-చెస్ మనకి దాన్ని మామూలు ఈ1 నుంచి జీ1 రూపంలోకి మార్చి ఇస్తుంది. ఆ మార్చిన రూపాన్నే తిరిగి ఫైల్లో రాస్తే క్యాస్లింగ్ లైన్లన్నీ మెల్లగా చచ్చిపోతాయి, ఎర్రర్ కూడా రాదు. ఎంట్రీలో ముడి ఎత్తు కూడా విడిగా ఉంటుంది, రాసేటప్పుడు అదే వాడాలి.
4. ఎంట్రీలు కీ వరుసలో ఉండాలి, చదివేవాళ్లు బైనరీ సెర్చ్ చేస్తారు. వరుస తప్పితే సగం పొజిషన్లు బుక్‌లో లేవని చెప్తుంది. ఆడే సమయంలో బుక్‌ని మెమరీలో డిక్షనరీగా పెట్టుకుని, గేమ్ అయ్యాక సార్ట్ చేసి వేరే ఫైల్లో రాసి, ఆ తర్వాత పేరు మార్చడం మేలు. రాస్తుండగా కరెంట్ పోయినా పాత బుక్ భద్రంగా ఉంటుంది.
5. శిక్ష ఎవరికి పడాలి? అరవయ్యో ఎత్తులో ఏనుగుల ఎండ్‌గేమ్ పోగొట్టుకుంటే మొదటి ఎత్తు ఈ4 ఏం పాపం చేసింది? అందరికీ సమానంగా సగం కోస్తే, వరసగా కొన్ని ఓటములు తగిలాక ఈ4 అడుగుకి పడిపోయి ‘ఎ’ తెల్లపావులతో ఎక్కడెక్కడి ఎత్తులో వేయడం మొదలుపెట్టింది. అందుకని 16వ ప్లై దగ్గర పూర్తి ప్రభావం, మొదటి ప్లై దగ్గర పదహారో వంతు అని ఘాతంలో పెట్టా: 2 కి ఘాతం ప్లై/16.

అయిదోది రుచికి సంబంధించిన విషయం, మీరు ఇంకోలా పెట్టుకోవచ్చు. మొదటి నాలుగు మాత్రం తప్పనిసరి.

దశ 3: ‘ఎ’ నేర్చుకుంటుంది, ‘బి’ నేర్చుకోదు

800 గేములు, 200 చొప్పున నాలుగు భాగాలు.

- మొదటి 200: 102 పాయింట్లు. భిన్నమైన గేములు 188
- రెండో 200: 117. కలిపి 219/400. భిన్నమైనవి కలిపి 321
- మూడో 200: 131. కలిపి 350/600. భిన్నమైనవి కలిపి 398
- నాలుగో 200: 140. కలిపి 490/800. భిన్నమైనవి కలిపి 437

మొత్తం 61.25 శాతం, +80 ఎలో. చివరి భాగం ఒక్కటే చూస్తే 70 శాతం, +147. ఒకే ఇంజిన్, ఒకే నోడ్లు, బలంలో తేడా సున్నా అని గుర్తుచేస్తున్నా.

ఇప్పుడు పక్కనున్న రెండో అంకెలు చూడండి. చివరి 200 గేముల్లో కొత్తగా పుట్టినవి 39. మిగతా 161 అంతకుముందు ఆడినవే, ఎత్తుకి ఎత్తు అచ్చంగా. ఒక్కో భిన్నమైన గేమ్‌ని ఒక్కసారే లెక్కపెడితే 437 గేములకి 229.5 పాయింట్లు వచ్చాయి, 52.5 శాతం, +17, అటూ ఇటూ 22. అంటే 80 ఎలోలో నిలబడేది సున్నా నుంచి వేరు చేయలేనంత. మిగిలిందంతా గెలిచిన గేమ్‌నే మళ్లీ ఆడి మళ్లీ పాయింటు రాయించుకోవడం.

ఒక లైన్ దగ్గరగా చూద్దాం. సిసిలియన్ నైడార్ఫ్ ఓపెనింగ్, ఆరో ఎత్తులో తెలుపు ఏటవాలు పావు (బిషప్) జీ5కి, ఏడో ఎత్తులో బంటు ఎఫ్4కి, నలుపు మంత్రి బీ6కి, ఎనిమిదో ఎత్తులో తెలుపు మంత్రి డీ2కి రాగానే నల్ల మంత్రి బీ2 బంటుని కొట్టేస్తుంది. పాయిజన్డ్ పాన్ అని అందరికీ తెలిసిన లైనే. నా బుక్ సరిగ్గా 16వ ప్లై దగ్గర, మంత్రి ఆ బంటుని తినగానే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఇంజిన్లు సొంతంగా ఆడాలి. 5,000 నోడ్లతో నలుపు మంత్రిని బయటికి లాక్కోవడానికి పడే తిప్పల్లో ఒకచోట తప్పటడుగు వేస్తుంది, తెలుపు గెలుస్తుంది. ‘ఎ’ దీన్ని ఒకసారి గెలిచాక జీ5 ఎత్తు వెయిట్ పెరిగింది, పెరిగింది కాబట్టి మళ్లీ ఆడింది, మళ్లీ గెలిచింది, ఇంకా పెరిగింది. 800 గేముల్లో ఇదే గేమ్ 11 సార్లు. ప్రతిసారీ అదే తప్పు, అదే ఎత్తులో మేట్.

మనుషులైతే ఇలా జరగనివ్వరు. 1972లో రేక్యావిక్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఫిషర్ ఇదే పాయిజన్డ్ పాన్‌తో 11వ గేమ్‌లో స్పాస్కీ చేతిలో ఓడాడు. 15వ గేమ్‌లో మళ్లీ నైడార్ఫ్ వచ్చింది, ఏడో ఎత్తులో మంత్రిని బీ6కి పంపకుండా ఏటవాలు పావుని ఈ7లో పెట్టుకున్నాడు. అంటే మ్యాచ్ మధ్యలో నేర్చుకోవడం చెస్‌లో కొత్తా కాదు, తప్పూ కాదు. నా ‘బి’ మాత్రం పదకొండుసార్లూ వెళ్లి ఆ బంటునే తింది. అందుకే ‘లెర్నింగ్ అన్యాయం’ అన్న మాటని నేను ఒప్పుకోను. ఒకరికి ఉండి ఇంకొకరికి లేకపోవడం ఒక సమస్య, వచ్చిన అంకెని ఇంజిన్ బలం అని రాయడం అంతకంటే పెద్ద సమస్య.

మొత్తం లెక్క: 1,200 గేములు.

దశ 4: ఇద్దరికీ లెర్నింగ్ ఇస్తే

‘అయితే ఇద్దరికీ ఇచ్చేయండి, న్యాయం అయిపోతుంది’ అని చాలామంది అంటారు. విన్నప్పుడు సబబుగానే ఉంటుంది. చేశా. అదే రూల్, అదే మొదటి బుక్, ఎవరి కాపీ వాళ్లది. ర్యాండమ్ సీడ్ (ర్యాండమ్ ఎంపికలకి మొదలుపెట్టే సంఖ్య) మాత్రం మార్చి 400 గేముల చొప్పున నాలుగు మ్యాచ్‌లు.

- సీడ్ 1: 222/400, +38
- సీడ్ 2: 184/400, −28
- సీడ్ 3: 203/400, +5
- సీడ్ 4: 174/400, −45

నాలుగూ కలిపితే 783/1,600, 48.9 శాతం. సగటున న్యాయమే! కానీ ఎవరూ నాలుగు మ్యాచ్‌లు పెట్టి సగటు తీయరు, ఒక్కటి పెట్టి ఫలితం రాస్తారు. నాలుగో సీడ్ మాత్రమే ఆడి ఉంటే ‘బి’ 45 ఎలో మెరుగు, ప్లస్-మైనస్ 23, తేడా ఖాయం అని రాసుకునేవాళ్లం. దశ 1లో అదే 23 సరిగ్గానే పనిచేసింది. ఇక్కడ ఎందుకు అబద్ధమాడింది?

ఆ లెక్క వెనక ప్రతి గేమూ దేనికదే విడి అన్న ఊహ ఉంది కాబట్టి. లెర్నింగ్ ఉన్నప్పుడు మొదట్లో ఎవరికి నాలుగు గెలుపులు తగిలాయో ఆ లైన్లే మళ్లీ మళ్లీ వస్తాయి, రెండోవాళ్లు ఆ లైన్ వదిలించుకునేలోపు పాయింట్లు పోతాయి, వదిలించుకుని వెళ్లిన చోట ఇంకో గొయ్యి ఉండొచ్చు. గేములు 400 అయినా స్వతంత్ర సాక్ష్యం అందులో చాలా తక్కువ. ఫిష్‌టెస్ట్‌లో స్టాక్‌ఫిష్ ప్యాచ్‌లు పరీక్షించేవాళ్లు లెర్నింగ్ ఏమీ లేకుండానే, ఒకే ఓపెనింగ్‌ని రంగులు మార్చి ఆడే రెండు గేముల్ని జంటగా ఒక్క యూనిట్‌గా లెక్కగడతారు, ఎందుకంటే ఆ రెండూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. అంతమాత్రం బంధానికే వాళ్లు లెక్క మార్చుకుంటే, వందలాది గేముల్ని ముడివేసే బుక్ లెర్నింగ్‌కి పాత ఫార్ములా వాడటం కుదరదు. నేను ఈ దశ నుంచి సీడ్లు మార్చి మళ్లీ ఆడకుండా ఏ లెర్నింగ్ ఫలితాన్నీ నమ్మడం మానేశా.

మొత్తం లెక్క: 2,800 గేములు.

దశ 5: బుక్‌ని ఆపేసి పరీక్ష పెడితే

దశ 3 చివర్లో ‘ఎ’ దగ్గర తయారైన బుక్‌ని అక్కడితో ఆపేశా, ఇక దిద్దుకోవడం లేదు. కొత్త సీడ్‌తో రెండు పరీక్షలు.

1. ఇద్దరికీ ఎత్తుకి 5,000 నోడ్లు, శిక్షణలో ఉన్నట్టే: 277/400, 69.25 శాతం, +141.
2. ఇద్దరికీ ఎత్తుకి 5,500 నోడ్లు, మిగతావన్నీ అవే: 206.5/400, 51.6 శాతం, +11, అటూ ఇటూ 23.

ఇక్కడ కాసేపు ఆగి చూడాల్సి వచ్చింది. ఇంజిన్ మారలేదు, బుక్ మారలేదు, ప్రత్యర్థి మారలేదు. పది శాతం నోడ్లు పెరిగేసరికి 141 కాస్తా 11కి దిగింది. గైడులోని లెక్కని బట్టీపట్టినవాడు పరీక్షలో అదే వస్తే టకటకా చేసేస్తాడు, అందులో ఒక్క అంకె మారిస్తే పెన్ను పక్కన పెట్టేస్తాడు, అదే ఇది. 5,500 దగ్గర నలుపు ఆ తప్పటడుగు వేయదు, వేరే ఎత్తు వేస్తుంది, దాంతో జీ5 వెయిట్ అంత ఎక్కువ ఉండటానికి కారణమే పోతుంది.

నిజం మ్యాచ్‌లలో గడియారం ఉంటుంది, నాలుగు థ్రెడ్లు ఉంటాయి, ఒకే గేమ్ ఇంత అచ్చంగా రాదు కదా అని మీరు అడగొచ్చు. నిజమే, నేను పెట్టినది ఉన్నవాటిలో అన్నిటికంటే ఘాటైన పరిస్థితి. కానీ అక్కడ తగ్గేది నకళ్ల శాతమే, దిశ అదే. పాత రోజుల్లో ఒకే మోడల్ కంప్యూటర్ల మీద ఆటోప్లేయర్ తగిలించి రాత్రంతా ఆడించిన మ్యాచ్‌లు దీనికి ఇంకా దగ్గర.

మొత్తం లెక్క: 3,600 గేములు.

దశ 6: ఫలితం బదులు స్కోరు చూసి నేర్చుకుంటే

క్రాఫ్టీ ఇంజిన్ రాసిన రాబర్ట్ హయట్ దీనికి పాతికేళ్ల కిందటే వేరే దారి పట్టాడు, 1999లో కంప్యూటర్ చెస్ పత్రిక ఐసీసీఏ జర్నల్‌లో పేపరు కూడా రాశాడు. ఆ పద్ధతిలో గేమ్ ఎవరు గెలిచారన్నదాని కోసం ఆగకుండా, బుక్ అయిపోయాక మొదటి పది ఎత్తుల్లో సెర్చ్ ఏమంటోందో చూస్తారు. స్కోరు మంచిగా ఉందా, ఎక్కుతోందా దిగుతోందా అన్నదాన్నిబట్టి ఆ లైన్‌కి మార్కులు. అరవయ్యో ఎత్తు పాపం ఈ4కి చుట్టుకోదు.

నేను చేసింది దాని చిన్న రూపం:

1. బుక్ దాటాక ‘ఎ’ సొంతంగా వేసిన మొదటి పది ఎత్తుల స్కోర్లు తీసుకుని సగటు.
2. సగటు +30 సెంటీపాన్లు (బంటు విలువలో నూరో వంతులు) దాటితే గెలుపు కింద, −30 కన్నా కిందికి పోతే ఓటమి కింద, మధ్యలో ఉంటే డ్రా కింద. వెయిట్ మార్చే రూల్ పాతదే.
3. పైథాన్-చెస్ మామూలుగా ఎత్తు మాత్రమే ఇస్తుంది, స్కోరు కూడా కావాలని విడిగా అడగాలి. అడిగాక వచ్చేది ఎవరి వైపు నుంచి చూసిన స్కోరో గమనించుకోండి. నలుపుతో ఆడేటప్పుడు ఇది తిరగబడితే ‘ఎ’ కష్టపడి చెత్త లైన్లు నేర్చుకుంటుంది.

800 గేములు శిక్షణ, ఆపేశాక 400 చొప్పున రెండు పరీక్షలు.

- 5,000 నోడ్ల దగ్గర: 236/400, 59 శాతం, +63
- 5,500 నోడ్ల దగ్గర: 218/400, 54.5 శాతం, +31

మొదటి అంకె దశ 5 కంటే బాగా తక్కువ, రెండోది ఎక్కువ. నాకు ముచ్చటేసిన ఫలితం ఇదొక్కటే. ప్లస్-మైనస్ 23 పక్కన +31 అంటే గొప్ప మార్జిన్ ఏమీ కాదు, సీడ్లు మార్చి ఇంకా ఆడాలి. అయినా నోడ్లు మారినా మిగిలిన భాగం ఉందంటే ‘ఎ’ ఈసారి కొన్ని నిజంగానే మంచి పొజిషన్లు ఎంచుకుంటోందన్నమాట. బుక్ తెరిచి చూస్తే నలుపుతో వేసే రెండు మూడు అరకొర గ్యాంబిట్‌లు (బంటుని ఎర వేసే ఓపెనింగులు) అడుగుకి పడిపోయాయి, అవి ఏ ఇంజిన్‌కైనా పనికిరానివే.

మొత్తం లెక్క: 5,200 గేములు.

దశ 7: బుక్ తీసేస్తే గొడవ వదులుతుందా

ఇప్పుడు చాలాచోట్ల నడుస్తున్న పద్ధతి ఇదే. ఇంజిన్ల ఛాంపియన్‌షిప్ టీసీఈసీ సూపర్‌ఫైనల్‌లో ఓపెనింగులు నిర్వాహకులే ఇస్తారు, ఒక్కోదాన్నీ రంగులు మార్చి రెండుసార్లు ఆడాలి. ఆ లైన్లు ఏరే పని చాలా సీజన్లు చేసిన యెరూన్ నూమెన్ ఒకప్పుడు రెబెల్ ప్రోగ్రాముకి బుక్ రాసినవాడే. సీసీఆర్‌ఎల్ రేటింగ్ లిస్టుకి మామూలు బుక్, 12 ఎత్తులలోపు. ఫిష్‌టెస్ట్‌లో ఓపెనింగ్ ఫైళ్లు. స్టాక్‌ఫిష్‌లో అయితే సొంత బుక్ ఆప్షనే ఎప్పుడో తీసేశారు.

ఓపెనింగ్ బయట నుంచి వస్తే బుక్ లెర్నింగ్‌కి ఎంచుకోవడానికేమీ ఉండదు, నిజమే. కానీ బ్రెయిన్‌లెర్న్ లాంటి స్టాక్‌ఫిష్ బిడ్డ ఇంజిన్లు ‘ఎక్స్‌పీరియన్స్’ ఫైలు దాచుకుంటాయి, బుక్ దాటాక వచ్చిన పొజిషన్లు కూడా అందులోకి వెళ్తాయి. అదే ఓపెనింగ్ ఫైలు రెండోసారి వాడితే అది మళ్లీ తెలిసిన దారే.

హాష్ సంగతి కూడా తేల్చుకుందామని ‘ఎ’కి మాత్రం కొత్త గేమ్ కమాండ్ పంపకుండా, రెండు వైపులా లెర్నింగ్ లేని బుక్‌తో 400 ఆడించా: 203.5/400, +6, అటూ ఇటూ 23. ఏమీ కనపడలేదు. 16 ఎంబీ హాష్‌లో పాత గేమ్ అవశేషాలు త్వరగానే చెరిగిపోతాయి అనుకోవచ్చు, పెద్ద హాష్ పెడితే ఏమవుతుందో వేరే ప్రయోగం. ఎలో దృష్టితో పట్టించుకోనక్కర్లేదు, గేమ్‌ని మళ్లీ అచ్చంగా పుట్టించాలంటే మాత్రం తప్పదు.

ఇటువైపు నుంచి కూడా అన్యాయం జరగొచ్చు, అది మర్చిపోతారు. 2017 చివర్లో డీప్‌మైండ్ వాళ్ల ఆల్ఫాజీరో స్టాక్‌ఫిష్ 8 మీద 28 గెలుపులు, 72 డ్రాలతో గెలిచినప్పుడు వచ్చిన విమర్శల్లో ఒకటి, స్టాక్‌ఫిష్‌కి బుక్ ఇవ్వలేదని. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన పూర్తి పేపర్లో వాళ్లు బుక్ ఉన్న స్టాక్‌ఫిష్‌తోనూ, టీసీఈసీ ఓపెనింగుల నుంచీ ఆడించి విడివిడిగా ఫలితాలు వేశారు. నాకు నచ్చింది ఆ విడివిడిగా వేయడమే. బుక్‌తో కలిపి మొత్తం ప్యాకేజీని కొలిచే మ్యాచ్ పెట్టొచ్చు, సెర్చ్‌నీ ఎవాల్యుయేషన్‌నీ మాత్రమే కొలిచే మ్యాచ్ పెట్టొచ్చు, రెండింటినీ ఒకే లిస్టులో పక్కపక్కన రాయకపోతే చాలు.

మొత్తం లెక్క: 5,600 గేములు.

మీరు చేయాలంటే, ఈ వరసలో

1. ముందు లెర్నింగ్ లేకుండా ఒకే ఇంజిన్‌ని తనతోనే 400 ఆడించండి. 50 శాతం చుట్టుపక్కల రాకపోతే మిగతావేవీ మొదలుపెట్టొద్దు.
2. బుక్, ఎక్స్‌పీరియన్స్ ఫైళ్లకి మ్యాచ్ ముందూ తర్వాతా ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైలు వేలిముద్ర లాంటి కోడ్) తీసి దాచండి. రెండూ కలవకపోతే మధ్యలో ఏదో నేర్చుకుంది.
3. ఫలితంలో ఆడిన గేములు, భిన్నమైన గేములు రెండూ రాయండి. 800 పక్కన 437 కనపడితే చదివేవాళ్లకి ఇంకేమీ చెప్పక్కర్లేదు.
4. లెర్నింగ్‌ని కొలవాలంటే నేర్పే మ్యాచ్ వేరు, పరీక్ష పెట్టే మ్యాచ్ వేరు. పరీక్షలో నోడ్లో టైమో కొంచెం మార్చండి.
5. కనీసం నాలుగు సీడ్లు. ఒక్కదాని ప్లస్-మైనస్‌ని నమ్మొద్దు.

ప్రస్తుతం బల్ల మీద ఉన్నది

దశ 6 రూల్‌నే ఉంచి, శిక్షణలో గేమ్‌కో నోడ్ల సంఖ్య, 4,500కీ 5,500కీ మధ్య ర్యాండమ్‌గా. ఒక్క తప్పటడుగు మీద ఆధారపడిన లైన్లు ఇందులో నిలబడకూడదు, రకరకాల నోడ్ల దగ్గర మంచిగా ఉన్నవే పైకి రావాలి. మొదటి 200 అయ్యాయి: 104.5 పాయింట్లు, భిన్నమైన గేములు 198. పరీక్షకి ఈసారి 8,000 నోడ్లు పెడతా, శిక్షణలో ఎక్కడా తగలని సంఖ్య కాబట్టి. శిక్షణలో ఇంకా 600 మిగిలున్నాయి.

మొత్తం లెక్క: 5,800 గేములు.